కడపటి మర్యాద

విధినిర్వహణమున ప్రాణములు కోల్పోయిన పోలీసు ఉద్యోగికి ఆ శాఖవారు జరుపు అంత్యగౌరవమును గూర్చి మనలో ఆలోచించువారు తక్కువ. మరునాడు పత్రికలలో ఒక ఛాయాచిత్రము, దాని క్రింద రెండు పంక్తులు, అంతటితో సరి. పోలీసులను గూర్చి మంచిమాట చెప్పుట మనదేశమున పరిపాటి కాదు. చెప్పినవానిని ప్రభుత్వపక్షపాతి యనుట మాత్రము పరిపాటియే. అయినను ఈ మర్యాద యెవరికి జరుగుచున్నది, ఏ యర్థమున జరుగుచున్నది, అది ముగిసిన పిదప ఏమగుచున్నది అను మూడు ప్రశ్నలును ప్రజలు విచారింపదగినవి. ఏలన, అచ్చట తుపాకులు ప్రేల్చునది ప్రజల పేరనే. మృతునిపై కప్పు పతాకమును ప్రజలదే.

ఆచారము ఎల్లరును ఎరిగినదే. తోటి ఉద్యోగులు వరుసదీరి నిలుతురు. 'శోక శస్త్ర' అను ఆజ్ఞ కాగానే తుపాకుల మొనలు నేలవైపునకు వంగును. మూడుమారులు గాలిలోనికి కాల్తురు. ఒకనాడు బ్రిటిషు సైనికుల నివాసములలో దినము ముగిసినదని తెలుపుటకు ఊదెడి బూరానాదమే ఇచ్చట ఒక జీవితము ముగిసినదని తెలుపుచు వినబడును. మూలము పరదేశమైనను, ఈ మర్యాద నేడు మనదే యైనది. జాతీయపతాకమును కప్పుటకు మాత్రము కట్టుబాట్లు కలవు. 1971 నాటి చట్టము ప్రకారము అధికార లాంఛనములతో జరుగు అంత్యక్రియలయందును, సైనిక, అర్ధసైనిక దళములవారి అంత్యక్రియలయందును తప్ప పతాకమును ఆచ్ఛాదనముగా వాడరాదు. 2002 నాటి పతాకనియమావళిని బట్టి కాషాయవర్ణము శిరస్సు వైపున ఉండవలెను. పతాకమును గోతిలోనికి దింపరాదు, చితిపై దహింపరాదు. దానిని తీసి, మడచి, ఇంటివారి చేతికిచ్చుట వాడుక. దేహము భస్మమైనను పతాకము మిగులును. అది ఆ యింటికి రాజ్యము వ్రాసియిచ్చిన ఋణపత్రమని మా యభిప్రాయము.

పోలీసు మృతులను దేశమంతయు స్మరించు దినమొకటి కలదు. 1959వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన లడఖునందలి హాట్ స్ప్రింగ్స్ ప్రాంతమున గస్తీకి వెళ్లిన కొందరు తిరిగిరాలేదు. మరునాడు వారిని వెదకుటకు బయలుదేరిన దళముపై చైనా సైనికులు కాల్పులు జరిపిరి. పదిమంది మరణించిరి. వారి దేహములు నవంబరు 13వ తేదీ వరకును మనవారికి దక్కలేదు. సుమారు 16,000 అడుగుల యెత్తున, ఆ చలిలో, పోలీసు గౌరవములతో వారికి దహనసంస్కారము జరిగినది. నాటినుండి అక్టోబరు 21వ తేదీ పోలీసు సంస్మరణదినమైనది. ఆ పదిమందియు యుద్ధమునకు పోయినవారు కారు. తప్పిపోయిన తోటివారిని వెదకబోయినవారు. ఈ శాఖకు ఇంతకంటె తగిన స్మారకదినము దొరకదు. 2018లో అదే దినమున ఢిల్లీలోని చాణక్యపురియందు జాతీయ పోలీసు స్మారకమును ప్రారంభించిరి. ముప్పది యడుగుల నల్లరాతి స్తంభమును, స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మరణించిన 34 వేలకు పైగా ఉద్యోగుల పేర్లు చెక్కిన గోడయు అచ్చట కలవు.

ఇక మొదటి ప్రశ్న: ఈ మర్యాద యెవరికి? పదవిని బట్టియా, ప్రాణమును బట్టియా? 1999 సెప్టెంబరు 4వ తేదీన హైదరాబాదు సంజీవరెడ్డి నగర్ కూడలిలో చదలవాడ ఉమేశ్‌చంద్రను నక్సలైట్లు కాల్చి చంపిరి. ఆయన పేరు తెలుగువారు మరువలేదు, మరువరాదు. కాని ఆయనతోకూడ ఆయన అంగరక్షకుడును, కారు నడిపినవాడును ఆ దినముననే హతులైరి. వారి పేర్లు ఎందరికి జ్ఞాపకమున్నవి? 2008 జూన్ 29వ తేదీన ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల జలాశయముపై పడవలో వచ్చుచున్న గ్రేహౌండ్సు దళముపై మావోయిస్టులు కొండలమీదినుండి కాల్పులు జరిపిరి. 38 మంది మరణించిరి. పొరుగురాష్ట్రపు నీటిలో మునిగిన ఆంధ్ర పోలీసుల దేహములకై గజయీతగాండ్రు అనేక దినములు వెదకవలసివచ్చినది. ఆ సంవత్సరముననే నవంబరు 26వ తేదీ రాత్రి బొంబాయిలో తుకారాం ఓంబ్లే, చేత లాఠీ తప్ప వేరు ఆయుధము లేకయే, హంతకుని తుపాకిగొట్టమును రెండుచేతుల పట్టుకొని, గుండ్లను తన దేహముననే భరించెను. ఆయన సహాయ సబినస్పెక్టరు మాత్రమే. మరుసటి సంవత్సరము ప్రభుత్వము ఆయనకు అశోకచక్రము నిచ్చినది. ప్రాణమునకు హోదా లేదని ఈ నలుగురి, ముప్పదియెనిమిదిమంది కథలును చెప్పుచున్నవి. కనుక కానిస్టేబులుకు ఒక తీరు, సూపరింటెండెంటునకు ఒక తీరు అను తారతమ్యము శ్మశానమునందైనను ఉండరాదు.

హోదాను మించిన తారతమ్యము మరియొకటి కలదు. అది మరణవిధమును బట్టి వచ్చునది. తుపాకిగుండుచే మరణించినవాడు అమరుడు. జాతర బందోబస్తులో ఎండకు కూలినవాడు, రాత్రివేళ రహదారిపై లారీలను ఆపుచు వానిలో నొకదాని క్రింద పడినవాడు, వరదలో నొకరిని రక్షింపబోయి కొట్టుకొనిపోయినవాడు కేవలము మృతులు. లోకమును ఈ విధముగనే తలచుచున్నది, ప్రభుత్వసహాయముయొక్క లెక్కలును పలుచోట్ల ఈ విధముగనే నడచుచున్నవి. 2020, 2021 సంవత్సరములలో కోవిడు ప్రబలినప్పుడు మనమందరము తలుపులు మూసికొని యింట కూర్చుండగా వీధులలో నిలిచినవారు పోలీసులు. అందు మరణించినవారి కడచూపు భార్యాబిడ్డలకే కరువైనది. శత్రువు కంటికి కనబడనిదైనంత మాత్రమున ఆ మరణము తక్కువదగునా? హోంగార్డుల సంగతి మరింత శోచనీయము. పోలీసు పక్కన నిలిచి అదే పని చేయువారు వీరు. దినభత్యముపై బ్రతుకువారు, పింఛను లేనివారు. చావునందు మాత్రము ఇద్దరికిని భేదమేమి?

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. దానిని దాటవేయుట న్యాయము కాదు. లాఠీ దెబ్బలు తిన్న పేదవానికి, ఠాణాలో కొడుకును పోగొట్టుకొనిన తల్లికి ఈ బూరానాదము ఎట్లు వినబడును? ఎదురుకాల్పుల పేరిట జరిగిన హత్యలను గూర్చి తెలుగుదేశమున దశాబ్దములు వాదములు నడచినవి. నిర్బంధితుల రక్షణకు సుప్రీంకోర్టు 1996లోనే డి. కె. బసు వ్యాజ్యమున స్పష్టముగా నియమములు విధించినను వాని ఉల్లంఘనములు ఆగలేదు. ఇవి సత్యములు. అయితే మృతుని గౌరవించుట శాఖ చేసిన సమస్తమును సమర్థించుట కాదు. చట్టమునకు లోబడి, ప్రజలను కాపాడుచు ప్రాణము విడిచినవానిని గౌరవించినప్పుడు, బ్రతికియున్నవారు దేనికి కట్టుబడవలెనో అదియు చాటబడుచున్నది. చేతిలో లాఠీతో తుపాకిని పట్టుకొనినవానికి వంగిన తుపాకులు, నిరాయుధుని కొట్టినవానిని సిగ్గుపడజేయవలెను. ఆ గౌరవమును తప్పులకు ముసుగుగా వాడుకొనువారే దానిని తక్కువ చేయువారు.

చివరి ప్రశ్న, పిదప ఏమగుచున్నది? తుపాకులు మూడుమారులు ప్రేలుటకు నిమిషము పట్టదు. పిమ్మట ఆ యిల్లాలు మరణధ్రువపత్రమునకు ఒక కార్యాలయమునకు, పింఛనుకు ఒక కార్యాలయమునకు, కారుణ్యనియామకమునకు మరియొక కార్యాలయమునకు తిరుగవలయును. నిన్న ఆమె యెదుట సెల్యూటు చేసిన శాఖయే నేడు 'రేపు రమ్ము' అనిన, ఆ సెల్యూటు ఏమైనట్లు? దేహమును గంటలకొలది మంత్రిగారి రాకకై నిలిపియుంచుట, ఛాయాచిత్రములవారికొరకు పసిబిడ్డను ముందునకు నెట్టుట మున్నగునవియు గౌరవములు కావు. ఆ దినమున ముఖ్యులు ఇంటివారే, అధికారులు కారు.

కావున మేము ప్రభుత్వములకు చేయు సూచనలు స్వల్పములు. విధిలో మరణించిన ప్రతి యుద్యోగికిని, హోంగార్డును విడువక, హోదాతోను మరణవిధముతోను నిమిత్తము లేని ఒకే మర్యాద జరుగవలెను. అది అధికారి దయపై గాక లిఖితనియమముపై ఆధారపడవలెను. అంత్యక్రియల వేళను, విధానమును ఇంటివారు నిర్ణయింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పతాకమును మడచి ఆ యింటివారి చేత పెట్టిన అధికారియే ఆ కుటుంబపు కాగితములన్నియు పరిష్కారమగు వరకు పేరుపేరున బాధ్యుడు కావలెను. పింఛను మొదటి వాయిదా అందినదనియు, బిడ్డల చదువునకు ఏర్పాటు జరిగినదనియు ఆయన తన పై యధికారికి వ్రాసి తెలుపవలెను.

దీనికి క్రొత్త చట్టములు అక్కరలేదు. పెద్ద ధనమును అక్కరలేదు. కావలసినది జ్ఞాపకము. గోడపై చెక్కిన పేరు రాతికి జ్ఞాపకము. ఇంటిలో మడచియుంచిన పతాకము ఆ కుటుంబమునకు జ్ఞాపకము. ప్రభుత్వమునకు జ్ఞాపకమున్నదా లేదా యను సంగతి బూరానాదమున తేలదు. ఆరునెలల పిదప ఆ యిల్లాలు ఏ కార్యాలయపు అరుగుపై కూర్చున్నదో చూచిన తేలును.