ఆ ఫోమ్‌కు నిప్పు తగలనివ్వకండి

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడలోని తుక్కు గోదాములో మంటలు లేచాయి. కింద తుక్కు, పైన నిద్రపోతున్న కూలీలు. బిహార్ నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన 11 మంది చనిపోయారు. బయటికి దూకిన ఒక్కడు బతికాడు.

నాదర్‌గుల్ నుంచి ఎల్బీనగర్ దాకా పాత కారు సీట్లు విప్పే అన్నదమ్ములారా, ఇది మీకోసమే రాస్తున్నాను. సీటు ఫోమ్ ముడిచమురు నుంచి పుట్టిన సరుకు. ఒక్క వెల్డింగ్ రవ్వ చాలు, నిమిషాల్లో షెడ్డంతా నల్లటి పొగ. అందులో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు సైనైడ్ వాయువు కూడా ఉంటుంది. మంట ఒంటిని తాకకముందే మనిషి స్పృహ తప్పుతాడు. తలుపు ఎటుందో తెలిసినా అక్కడిదాకా నడవలేడు.

ఇనుప చట్రం త్వరగా చేతికొస్తుందని సీటును అలాగే తగలబెట్టకండి. రెక్సిన్ పొగ కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. ఆ పొగను పక్క కాలనీ పిల్లలూ పీలుస్తారు. కత్తితో రెక్సిన్ కోసి, దాన్ని పట్టి ఉంచే ఇనుప కొక్కేలను ప్లయర్‌తో తెంపి, ముందు ఫోమ్ విడదీయండి. గ్యాస్ కట్టర్ ఆ తర్వాతే, అదీ ఫోమ్‌కు చాలా దూరంగా.

సీటు అడుగున పసుపు తొడుగు వైరు కనిపిస్తే చెయ్యి ఆపండి. అది ఎయిర్‌బ్యాగ్‌దో, బెల్టును బిగించే పరికరానిదో అయి ఉండొచ్చు. వాటిలో పేలే మందు ఉంటుంది. సుత్తి వేయకండి, కట్టర్ పెట్టకండి. 2021 నాటి వాహన స్క్రాపింగ్ నిబంధనల కింద రిజిస్టరైన కేంద్రానికి అప్పగించండి.

పాత ఫోమ్‌ను వేళ్ల మధ్య నలిపి చూడండి. పసుపు పొడిగా రాలుతున్నా, ముక్కిన వాసన వస్తున్నా దాంతో పిల్లల పరుపు కుట్టించకండి. గట్టిగా ఉన్న ఫోమ్‌ను ముక్కలు చేసి, జిగురు కలిపి అదిమి రీబాండెడ్ పరుపులు చేస్తారు. తడవకుండా, ఆయిలు అంటకుండా దాస్తేనే అందుకు పనికొస్తుంది.

దాచేటప్పుడూ ప్రమాదమే. కరెంటు మీటరు పక్కన, సిలిండర్ల పక్కన పేర్చకండి. గుట్ట పెరగకముందే పంపేయండి. బీడీ బయటే ఆర్పి రండి. రెండో దారికి తాళం వేయకండి. పొగ లేస్తే సరుకు కోసం లోపలికి పోవద్దు, 101కి ఫోన్ చేయండి.

ఈ రాత్రి మీ షెడ్డులో, మీ షెడ్డు పైగదిలో ఎవరు పడుకుంటున్నారో ఒక్కసారి చూడండి. వాళ్ల చాప, దుప్పటి ఈ పూటే ఇంకోచోటికి మార్చండి.