డోనట్టును ఇంట కాల్చుకొను విధము



ఈ మాసము మేము వ్రాయదలచిన వంటకము మన పూర్వు లెఱిగినది కాదు. డోనట్టు అను పేరు మనకంటె మన పిల్లలకే బాగుగా తెలియును. కరీంనగరమునందు గాని, మంచిర్యాలయందు గాని, ఆదిలాబాదునందు గాని బేకరీ అద్దముల వెనుక చక్కెర పూతతో చక్రమువలె నుండెడి ఆ పదార్థమును చూచి పిల్లలు తల్లి కొంగు లాగుదురు. కొనిపెట్టిన తల్లికి రెండు సందేహములు మిగులును: అది ఏ నూనెలో వేగినదో, ఆ నూనె ఎన్నిమారులు కాగినదో.

నూనె విషయమున ప్రభుత్వము ఊరకుండలేదు. పలుమారులు కాగుటచే నూనెలో పుట్టెడి చెడు పదార్థములు నూటికి 25 పాళ్లు మించినచో ఆ నూనె వాడరాదని 2018 జూలై నుండి నియమము కలదు. వనస్పతి మొదలగువానియందుండు ట్రాన్స్ కొవ్వును 2022 జనవరి నుండి నూటికి 2 పాళ్లకు కుదించిరి. శాసనము మంచిదే. కాని మూకుటి ప్రక్కన నిలిచి కొలుచువా రెవ్వరు?

మా యింట ఈ చిక్కు మఱియొక విధముగ కూడ కలదు. మా అత్తగారికి గుండెజబ్బు వచ్చి నాలుగేండ్లయినది. నూనెలో వేగిన పదార్థములు మానుమని వైద్యులు చెప్పిరి. ప్రతి సంక్రాంతికి వాడకట్టు స్త్రీలెల్లరు మా నడిమింట తెల్లని బట్ట పఱచి, నువ్వులును వామును కలిపిన తడి బియ్యపు పిండితో సకినములు చుట్టుదురు. అందఱికంటె సన్నముగా, చుట్లు తెగకుండ చుట్టునది ఆమెయే. చుట్టుట ఆమెది, తినుట ఇతరులది. ఇంటిలో పదిమంది తినుచుండ ఒకరు చేతులు ముడుచుకొని కూర్చుండుట చూచుటకే కష్టముగా నుండును. ఆమెకు మాత్రము వేఱుగా వండి పెట్టుట, ఒక విధముగ ఆమెను పంక్తినుండి లేపుటయే యని మాకు తోచెను. అందఱును ఒక్క పళ్లెమునుండి తీసికొనదగిన పిండివంట యేదైన కలదా యని వెదకుచు మేము ఈ కాల్చిన డోనట్టును పట్టుకొంటిమి.

పేరు పరాయిదే గాని పని పరాయిది కాదు. సర్వప్ప చేయుట తెలిసిన చేతికి ఇందు క్రొత్తదనము మిక్కిలి తక్కువ. బియ్యపు పిండిలో నానిన సెనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లి ఆకు, కారము కలిపి, ఆ ముద్దను సర్వ లోపల పలుచగా నదిమి, వ్రేలితో అక్కడక్కడ తూట్లు పొడిచి, వానిలో నాలుగు చుక్కల నూనె విడిచి, మూతవేసి సన్నని సెగపై నుంచుదుము. ఓరుగల్లువారు సర్వపిండి యందురు. గిన్నెలో నొత్తుదురు గావున గిన్నప్ప యనువారును కలరు. ఆ తూట్లు అందమునకు కావు. పిండి నడుమకు వేడి చేరుటకై తీసిన దారులు. డోనట్టు నడుమనున్న బెజ్జపు పనియు అదియే. అంచులు ఎఱ్ఱబడిన పిదపను నడుమ పచ్చిగా మిగులుచున్నచో, ఆ నడుమనే తీసివేసిరి.

1847 లో తానే మొదట అట్లు తీసివేసితినని అమెరికా దేశపు నావికుడు హాన్సన్ గ్రెగరీ ముసలితనమున చెప్పుకొనెను. సంస్కృతమున శష్కులి నెఱిగినవారికి ఈ మాట విన్న నవ్వు రాక మానదు. గుండ్రని పిండివంటకును, చెవి చుట్టునకును ఆ యొక్క పేరే చెల్లినది. మన చక్కిలము ఆ పేరునకు బంధువే. డోనట్టు చరిత్రయందు మాకు నచ్చినది వేఱొకటి. 1917 లో ఫ్రాన్సు యుద్ధభూమి దగ్గఱ సాల్వేషన్ ఆర్మీకి చెందిన స్త్రీలు, వంటసామగ్రి కొఱవడినచోట, ద్రాక్షసారాయపు సీసాతో పిండి వత్తి సైనికులకు డోనట్లు వేచి పెట్టిరి.

కావున ఓవెను లేదని మనమును మానవలదు. 250 గ్రాముల మైదాలో 35 గ్రాముల చక్కెర, అర చెంచా ఉప్పు, ఒక చెంచా ఇన్‌స్టంట్ ఈస్టు కలుపవలెను. 150 మిల్లీలీటర్ల పాలను వ్రేలు పెట్టిన హాయిగా నుండునంత వెచ్చజేసి పోయవలెను. ఈస్టు ప్రాణముగల వస్తువు. పొగలు గ్రక్కు పాలు పోసినచో చచ్చును, పిమ్మట ఎంత వేచియున్నను పిండి లేవదు. ముద్దయైన తరువాత రెండు పెద్ద చెంచాల పల్లీనూనె చేర్చి పది నిమిషములు బాగుగా మర్దింపవలెను. మొదట చేతికి అంటుకొనును. భయపడి పొడిపిండి చల్లుచు పోయినచో డోనట్లు రాళ్లగును. ఈస్టు చక్కెరను తిని విడిచెడి వాయువును గోధుమలోని జిగురు బుడగలుగా పట్టియుంచును. మర్దించుట ఆ జిగురును సాగదీయుటకే.

పిండి రెట్టింపగువఱకు మూతవేసి ఉంచవలెను. ఇచ్చట గడియారమును నమ్మరాదు. రామగుండపు వేసవిలో ముప్పావుగంట చాలును. ఆదిలాబాదు పుష్యమాసపు చలిలో, తెల్లవారుజామున 5 డిగ్రీలకు దిగిన దినములలో, రెండు గంటలైనను లేవకపోవచ్చును. అట్టివేళ వేడినీళ్ల చెంబును ప్రక్కన నుంచి రెంటిని ఒక పెద్ద డబ్బాలో మూయవలెను.

లేచిన పిండిని అర అంగుళము మందమున వత్తి, స్టీలు గ్లాసు అంచుతో బిళ్లలు కోసి, సీసా మూతతో నడుమ తీసివేయవలెను. బెజ్జము అంగుళమునకు తగ్గరాదు; పొంగినపుడు పూడుకొనిపోవును. తొమ్మిది వచ్చును. మఱల అరగంట ఉంచవలెను.

ఈలోగా మందమైన పాత గిన్నె అడుగున రెండు గ్లాసుల ఉప్పు పఱచి, దానిపై చిన్న స్టాండు పెట్టి, మూతవేసి పదిహేను నిమిషములు మధ్యమపు సెగపై కాచవలెను. కుక్కరు వాడినచో గుండును, రబ్బరు పట్టీని తప్పక తీసివేయవలెను. ఇది మఱచుట ప్రమాదము. నూనె రాసిన పళ్లెముపై ఎడముగా మూడు నాలుగు బిళ్లలు పేర్చి, లోపల దింపి, సన్నని సెగపై ఇరువది నిమిషములు కాల్చవలెను. మాటిమాటికి మూత తీయరాదు. మిగిలినవానిని చల్లని చోట నుంచవలెను. లేనిచో అతిగా పొంగి చదునగును. ఓవెను గలవారికి 180 డిగ్రీల వేడిమిలో 12 మొదలు 15 నిమిషములు చాలును. వేడిగా నున్నపుడే పైన పాలు తడిపి, ఏలకుల పొడి కలిపిన చక్కెరలో దొర్లింపవలెను.

మొదటిమారు తినిన మా అత్తగారు, "గిది రొట్టె లెక్క ఉన్నది బిడ్డా! మంచిగనే ఉన్నది గని, సకినం రుచి వేరు" అనిరి. ఆమె మాట సత్యము. నూనెలో వేగిన దాని కరకర కాల్చినదానికి రాదు. వచ్చునని చెప్పువారి మాట నమ్మవలదు. కాని 50 గ్రాముల డోనట్టు నూనెలో వేగినపుడు సుమారు 10 గ్రాముల నూనె పీల్చును. దీనియందు 3 గ్రాములే యుండును. అయినను మైదాయు చక్కెరయు ఇందును ఉన్నవి గనుక చక్కెర వ్యాధిగలవారికి ఇది పథ్యము కాదు. ఆమెకు ఆ వ్యాధి లేదు కనుక ఒకటి తినును, పిల్లలతో కూడ కూర్చుండి తినును.

జొన్నపిండితో చేయరాదా యని అడుగువారు కలరు. జొన్నలో సాగెడి జిగురు లేదు. అందుచేతనే దాని రొట్టెకు వేడినీళ్లు పోసి చేతితో తట్టుదుము. నాలుగవ వంతువఱకు జొన్న కలుపవచ్చును, అంతకు మించిన పిండి లేవదు. గోధుమపిండి సగము కలిపినచో పాలు రెండు చెంచాలు ఎక్కువ పట్టును.

కొవ్వు తక్కువ గనుక ఇవి మఱునాటికి గట్టిపడును. కొంచెము ఆవిరి చూపిన మెత్తబడును. మూడవనాటికి ఉంచవలదు. నడుమ తీసిన చిన్న బిళ్లలను పాఱవేయక, కడపట ఆ గిన్నెలోనే ఎనిమిది నిమిషములు కాల్చవలెను. అవి పళ్లెమువఱకు రావు. పొయ్యి దగ్గఱనే పిల్లలు పంచుకొందురు.