రెండు భాషల ఊరికి ఒక్క భాష వేదికా?

వారం వారం / బాటసారి

నారాయణపేట బజారులో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగడం వింతేమీ కాదు. మగ్గాల వాడల్లో మరాఠీ వినిపిస్తుంది, బస్టాండులో దక్కనీ ఉర్దూ. రాయచూరు బస్సెక్కినవాడు పక్క సీటువాడి మొహం చూసి, ఏ భాషలో పలకరించాలో తేల్చుకుంటాడు. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది ఈ జిల్లాలోనే, తంగిడి దగ్గర. భీమా నది వచ్చి కలిసేదీ అక్కడే. పిల్లనిచ్చుకునేదీ తెచ్చుకునేదీ సరిహద్దుకు రెండు దిక్కులా. ఇంత కలగలుపు ఉన్న నేల మీద కూడా నాటకానికి తెర లేచిందంటే చాలు, ఒక్క భాషే మిగులుతుంది. అదీ ఇంట్లోగానీ సంతలోగానీ ఎవరూ మాట్లాడని తెలుగు. రాజుకు గ్రాంథికం, కథానాయకుడికి పత్రికల తెలుగు. పాలమూరు యాస వినబడిందంటే నవ్వించే పనివాడు వచ్చాడన్నమాట. కన్నడానికి ఆ పనివాడి వేషం కూడా దక్కదు.

సరిహద్దు జిల్లాలో నాటకం రెండు భాషల్లో ఆడాలి. ఆ పనికి పూనుకోవాల్సింది కళాశాల అధ్యాపకులు. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే.

అధ్యాపకుల మీదే ఎందుకు పెట్టానంటే, తెలుగు నాటకానికి ఆ వాడుక మొదటినుంచీ ఉంది. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి హిందీ నాటకాలు ఆడింది. బృందం కన్నడ సీమది, మాటలు హిందీవి, చూసినవాళ్ళు గోదావరి జనం. వాళ్ళు వెళ్ళిపోయాక కందుకూరి వీరేశలింగం పంతులు తన విద్యార్థులకు వేషాలు వేయించి తెలుగులో ఆడించారు. మన ఆధునిక రంగస్థలం అట్లా పొరుగువాళ్ళ ఆట చూసి, ఒక బడిపంతులు పూనికతో లేచి నిలబడింది. టిక్కెట్ల మీద బతికే కంపెనీకి కొత్త ప్రయోగమంటే ప్రాణసంకటం. పంతులికి ఆ బెంగ లేదు. ఏటేటా కొత్త పిల్లలు వస్తారు, కళాశాలలో హాలు ఉంటుంది, ఆట తప్పినా పాఠం కిందే లెక్క.

ఇక బళ్ళారి సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు ఆ ఊళ్ళో తెలుగు, కన్నడం రెండూ నడిచేవి. అక్కడే ఇద్దరు వకీళ్ళు తెలుగు నాటకానికి పీఠం వేశారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభను నడిపారు, కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను నిలబెట్టారు. తెలుగువాళ్ళు ఆంధ్ర నాటక పితామహుడని కొలిచే ధర్మవరం, ఇవాళ కర్ణాటకలో ఉన్న ఊరి వకీలు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946) తెలుగులోనే కాక కన్నడంలో, ఇంగ్లీషులో, హిందీలో కూడా వేషం కట్టారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. తెలుగు నాటకం అప్పటికే అక్కడ పుట్టి పెరిగింది. ఆ చరిత్రను ఏ సరిహద్దు కమిషనూ అటు ఇటు పంచలేదు.

ఆ బళ్ళారిలోనే 1944లో భార్గవీరావు పుట్టారు. హైదరాబాదులో ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేశారు, తెలుగులో కథలూ నవలలూ రాశారు, గిరీశ్ కర్నాడ్ కన్నడ నాటకాలను తెలుగులోకి తెచ్చారు. ‘తలెదండ’ అనువాదానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. 2008లో కన్నుమూశారు. పగలు తరగతిలో ఇంగ్లీషు చెబుతూ, కన్నడ నాటకాన్ని తెలుగు నోట పలికించిన మనిషి. ఆమె గురించి మనం మాట్లాడుకునేది తక్కువ, ఆమె చేసిన పనిని వేదిక మీద వాడుకునేది ఇంకా తక్కువ.

‘తలెదండ’ కథ నారాయణపేటకు పరాయిది కాదు. పన్నెండో శతాబ్దపు కల్యాణ నగరం. గద్దె మీద బిజ్జలుడు, బొక్కసం బాధ్యతల్లో బసవన్న, ఆయన చుట్టూ కులం వదిలేసిన శరణులు. మాదిగ ఇంటి కుర్రాడికీ బ్రాహ్మణ ఇంటి పిల్లకూ శరణులు పెళ్ళి తలపెడతారు. ఊరు రెండుగా చీలుతుంది, నెత్తురు పారుతుంది. మండల్, మందిర్ వివాదాలు దేశాన్ని కుదిపేస్తున్న రోజుల్లో, 1990 ప్రాంతాన, కర్నాడ్ ఈ నాటకం రాశారు. పరువు పేరిట ప్రేమికులను నరికిన వార్త తెలుగు పత్రికల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది కాబట్టి దీన్ని పాత కథ అనడానికి వీల్లేదు. ఆ కల్యాణం ఇవాళ్టి బీదరు జిల్లా బసవకల్యాణ్. 1956 నవంబరు 1 దాకా కల్యాణమూ నారాయణపేటా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. ఆ రోజు గీత గీస్తే అది అటు పోయింది, ఇది ఇటు మిగిలింది.

గీతకు అటూ ఇటూ నడిచిన కథే ఇది. బసవన్న జీవితాన్ని పదమూడో శతాబ్దంలో ద్విపదలో పెట్టినవాడు మన పాల్కురికి సోమనాథుడు. ఆ తెలుగు బసవపురాణాన్ని ఆధారం చేసుకునే 1369లో భీమకవి కన్నడ బసవపురాణం రాశాడు. కన్నడ దేశపు మహాపురుషుడి కథ ముందు తెలుగులో కావ్యమై, ఆ తెలుగు నుంచి కన్నడానికి తిరిగి వెళ్ళింది. ఆరు వందల ఏళ్ళ తర్వాత కర్నాడ్ దాన్ని కన్నడ నాటకం చేస్తే, భార్గవీరావు మళ్ళీ తెలుగుకు తెచ్చారు. బసవన్నకు మొక్కే ఇళ్ళున్న నారాయణపేటలో ఈ నాటకం ఆడితే, చూసేవాళ్ళు దాన్ని ఇంటి సంగతిలా వింటారు.

అయితే అనువాదంతో పని సగమే అయింది. అనువాదం కన్నడం రాని వాళ్ళ కోసం చేసేది. హైదరాబాదులో, విజయవాడలో అది తప్పదు. నారాయణపేటలో చూసేవాళ్ళలో చాలామందికి రెండు భాషలూ వస్తాయి. వాళ్ళ ముందు పూర్తిగా తెలుగులోనే ఆడటం, వచ్చిన భాషను రానట్టు నటించమనడమే. ఇక్కడ ‘తలెదండ’ ఆడితే శరణులను తమ వచనాలు, అంటే భక్తి కవితలు, కన్నడంలోనే పాడనివ్వాలి. చెప్పులు కుట్టే హరళయ్య ఇంట్లో పెళ్ళి మాటలు పాలమూరు తెలుగులో సాగాలి. కొలువులో బిజ్జలుడు మంత్రులతో కన్నడం మాట్లాడి, కోపం వస్తే తెలుగుకు మారాలి. పురోహితుల నోట సంస్కృతం ఉండనే ఉంటుంది. ఎవరు ఎవరితో ఏ భాష మాట్లాడుతున్నారన్నదే పాత్రల మధ్య ఎక్కువ తక్కువలు చూపిస్తుంది. దీనికి దర్శకుడు ప్రత్యేకంగా దీపాలు మార్చనక్కరలేదు.

ఇట్లాంటి పని మరో దేశంలో జరిగింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1965లో డెలానో ద్రాక్షతోటల కూలీలు సమ్మె కట్టారు. వాళ్ళలో మెక్సికన్ మూలాలవాళ్ళు చాలామంది. ఆ ఊళ్ళోనే పుట్టిన లూయిస్ వాల్డెజ్ అనే యువ నాటక రచయిత సమ్మెకారులతోనే ‘ఎల్ టియాట్రో కాంపెసినో’ పేరిట రైతుకూలీల నాటక బృందం కట్టాడు. లారీ వెనక భాగమే వేదిక. మెడలో అట్టముక్క వేలాడదీస్తే ఒకడు యజమాని, ఒకడు సమ్మె ద్రోహి. మాటలు స్పానిష్‌లో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని, కూలీలు తోటలో మాట్లాడుకున్నట్టే. వాల్డెజ్ ఆ తర్వాత విశ్వవిద్యాలయాల్లో పాఠాలూ చెప్పాడు, నాటకాలూ రాశాడు. 1978లో లాస్ ఏంజెలెస్‌లో ఆయన ‘జూట్ సూట్’ నాటకానికి జనం విరగబడ్డారు. మరుసటి ఏడాది దాన్నే న్యూయార్క్ బ్రాడ్‌వేకు తీసుకెళ్తే, విమర్శకులు పెదవి విరిచారు, ఆట కొద్ది వారాల్లోనే ఆగిపోయింది.

ఈ రెండు ఊళ్ళ తేడాలో మనకు పనికొచ్చే పాఠం ఉంది. నాటకం అదే, నటులు దాదాపు వాళ్ళే. లాస్ ఏంజెలెస్ జనానికి ఆ నాటకంలోని రెండు భాషలూ, వీధులూ, అవమానాలూ తమవి. న్యూయార్క్ విమర్శకుడికి కావు. రెండు భాషల నాటకం రెండు భాషలు మాట్లాడే ఊరిలోనే నిలుస్తుంది. దాని తీర్పు కూడా అక్కడి జనమే చెప్పాలి. నారాయణపేట నాటకం రవీంద్రభారతిలో మెప్పు పొందిందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఇదంతా కాలిఫోర్నియా నుంచి దిగుమతి చేసుకోవాల్సిన అవసరం లేదు. సరిహద్దు పల్లెల్లో జాతరలప్పుడు రాత్రంతా ఆడే బయలాట కన్నడ సీమకూ మనకూ ఉమ్మడి సొత్తు. దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప తెలుగులోనూ కన్నడంలోనూ పాడతారు. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒకే గొంతులో రెండు భాషలు పలికే కళను ఢిల్లీ గుర్తించింది. ఇక్కడి కళాశాల వార్షికోత్సవం మాత్రం ఇంకా ఒక్క భాషలోనే నాటిక వేస్తోంది.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలమూ ఉంది. భాషలు కలిపితే రెండూ చెడతాయని ఒక మాట. నిజమే, చేతకానివాడు కలిపితే చెడతాయి. దానికి మందు అభ్యాసమే, నిషేధం కాదు. తెలంగాణ యాసకు వేదిక మీద ఇప్పుడిప్పుడే గౌరవం దొరుకుతోంది, దాని పక్కన మళ్ళీ ఇంకో భాషను నిలబెడతారా అని మరో మాట. ఇది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కానీ పాలమూరు యాస గాలిలో పుట్టలేదు, పొరుగు మాటలతో కలిసి మెలిసి ఈ తీరుకు వచ్చింది. దాన్ని కాపాడాలంటే అది ఎట్లా ఉందో అట్లాగే వేదికెక్కించాలి. కన్నడాన్ని ఏరేసి శుద్ధి చేసిన యాస, పనివాడి వేషంలో నవ్వించిన యాస కన్నా నిజమైనదేమీ కాదు.

మూడో అడ్డు పోటీలు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటినుంచి మనకు పరిషత్తు నాటకం ఒక పెద్ద బడి. ఎంతోమంది నటులను తయారుచేసింది. కానీ పోటీ నాటకమంటే తీర్పరి చెవికి ఇంపైన ఉచ్చారణ కావాలి. అందుకే పల్లె నుంచి వచ్చిన కుర్రాడు ముందు తన నోరు దిద్దుకుంటాడు, తర్వాత పాత్ర నేర్చుకుంటాడు. ఆ నియమాలను ఈ జిల్లా తనకు తానే ఎందుకు విధించుకోవాలి?

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడింది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008 నుంచీ ఉంది. జిల్లాలోని డిగ్రీ కళాశాలల తెలుగు, ఇంగ్లీషు విభాగాలు కలిసి ఏడాదికి ఒక్క నాటకం ఎత్తుకోవాలి. కృష్ణ మండలంలో కన్నడ మాధ్యమ సర్కారు బడులున్నాయి. అక్కడ చదివి కళాశాలకు వచ్చిన పిల్లలకు తెలుగు సరిగా రాదని వెనక బెంచీలో కూర్చోబెట్టే బదులు, కన్నడ మాటలు దిద్దే పని వాళ్ళకే అప్పగించాలి. రాయచూరు వైపు అధ్యాపకులను రిహార్సళ్ళకు పిలవాలి. బయలాట ఆడే పెద్దలకు రానుపోను ఖర్చులిచ్చి, నడకా పాటా నేర్పమనాలి. మొదటి ఆట కళాశాల హాల్లో, రెండోది మక్తల్ సంతలో, మూడోది రాయచూరులో. సాంస్కృతిక శాఖ ఇచ్చే సాయం ఏ మాత్రమైనా, దరఖాస్తులో భాష గడి పక్కన ఒకటికి మించి పేర్లు రాయడానికి చోటిస్తే చాలు.

వీరేశలింగం పంతులు, భార్గవీరావు, వాల్డెజ్ ముగ్గురూ పాఠం చెప్పినవాళ్ళే, ముగ్గురూ నాటకం పట్టుకున్నవాళ్ళే. పైనుంచి ఉత్తర్వు వస్తుందని వాళ్ళెవరూ కూర్చోలేదు. ఈ విద్యాసంవత్సరంలో నారాయణపేటలో ఒక్క అధ్యాపకుడో అధ్యాపకురాలో ‘తలెదండ’ కన్నడ ప్రతినీ తెలుగు ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని పిల్లలకు పాత్రలు పంచితే చాలు. మిగతావి తర్వాత అడుగుదాం.