నంబరు మనది, బేరం వాళ్లది

కొండ మీద ఊళ్లో పుట్టి కిందకి దిగి చదువుకుంటున్న కుర్రాణ్ణి నీ ఆధార్ నంబరు చెప్పమంటే తల గోక్కుంటాడు. అతనికి ఫోను అమ్మిన దుకాణంలో అడిగితే ఆ 12 అంకెలూ, పాన్ నంబరూ, బ్యాంకు ఖాతా, తండ్రి పేరు, ఫోటో అన్నీ ఒక్క నొక్కుతో బయటికొస్తాయి. మన వివరాలు మనకంటే బాగా మనకి అప్పు అంటగట్టినవాడి దగ్గర ఉన్నాయి. ఇది ఎలా జరిగిందో, ఎందుకు జరగనిస్తున్నామో మాట్లాడుకోవాలి. ముఖ్యంగా మాస్టార్లతో మాట్లాడాలి, ఎందుకంటే ఇందులో బడికి కూడా వాటా ఉంది.

సీతంపేట నుంచి పాలకొండ, రాజాం మీదుగా విజయనగరం వెళ్లే దారిలో చీపురుపల్లి తగులుతుంది. రైలు పట్టుకోవాలన్నా, గరివిడి వైపు పనికి పోవాలన్నా, విశాఖపట్నం చేరాలన్నా మనవాళ్లు చాలామంది ఆ ఊరి మీదుగానే పోతారు. ఇలాంటి జంక్షన్ ఊళ్లలో ఇప్పుడు ఒకే బల్ల మీద నాలుగు వ్యాపారాలు నడుస్తాయి. జెరాక్సు అక్కడే, ఆన్‌లైన్ దరఖాస్తు అక్కడే, సిమ్ము అక్కడే, ఫోనూ దాని అప్పూ అక్కడే. ఆధార్ కాగితం పోగొట్టుకున్నవాడు ఆ బల్ల దగ్గరికే వెళ్తాడు.

"ఏటి తమ్ముడూ, ఆధార్ పోయిందా? ఆ పని నాకొగ్గీ. ఏలు ఇక్కడెట్టు. ఓటీపీ వొచ్చింది, సెప్పు. ఒరే, నీకు ఇరవై వేలు లిమిటుంది కదేటి! కొత్త ఫోనట్టుకెళ్లిపో. ఇప్పుడు రూపాయి కట్టక్కర్లేదు."

కార్డు వెతుక్కోడానికి వెళ్లినవాడు అప్పుతో తిరిగొస్తాడు. అడగనిదే ఇచ్చారు కాబట్టి అది సాయమనుకుంటాడు.

మొదట నంబరు సంగతి. ఆధార్ కార్డు పోతుంది గానీ ఆధార్ నంబరు పోదు. ఒకసారి ఇచ్చిన నంబరు చచ్చేదాకా అదే. "పాతది పోయింది, కొత్తది తీయాలి, అయిదువందలవుద్ది" అని ఎవడైనా అంటే వాడికి తెలియకనైనా అని ఉండాలి, తెలిసి అబద్ధమైనా ఆడి ఉండాలి. రెండోసారి నమోదు చేయిస్తే వేలిముద్రలు పాతవాటితో కలిసి ఆ దరఖాస్తు తిరస్కరణకు పోతుంది. డబ్బు మాత్రం తిరిగి రాదు.

నంబరు తిరిగి తెలుసుకోడానికి దారులున్నాయి. ఆధార్‌కు జోడించిన ఫోను చేతిలో ఉంటే ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి, ఫోనుకొచ్చిన ఓటీపీ వేస్తే నంబరు అదే ఫోనుకొస్తుంది. దీనికి డబ్బు అక్కర్లేదు. ఫోను లేకపోతే 1947కి చేయాలి. అది కూడా ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, పిన్‌కోడు చెబితే సరిచూసి ఎన్‌రోల్‌మెంట్ నంబరు చెబుతారు. దాన్ని పట్టుకుని మళ్లీ అదే 1947లో ఆధార్ నంబరు తెలుసుకోవచ్చు. ఇదీ కుదరకపోతే ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రో కంటిపాపో ఇస్తే అక్కడే ప్రింటు ఇస్తారు. ఫోను నంబరు మార్చుకోవడానికి ఏ ధ్రువపత్రమూ అడగకూడదు. మనిషి వెళ్తే చాలు. నిర్ణయించిన రుసుము కట్టి రసీదు తీసుకోండి. పాన్ కార్డు అసలే లేనివారికి ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఆధార్ ఓటీపీతో ఈ-పాన్ ఉచితంగా వస్తుంది. దానికి దుకాణాల్లో ఎంత గుంజుతున్నారో మీకే తెలుసు.

ఇంత సులువైతే మనవాళ్లు ఎందుకు తిరుగుతున్నారు? ఇక్కడే బడి వాటా వస్తుంది.

నంబరు వెతకాలంటే పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే చెప్పాలి. మన పేర్లు ఎవరు రాశారు? సోమవారం పుట్టినవాడు సోమయ్యో సోమన్నో సోమారో, రాసినవాడి చెవిని బట్టి ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాడు. 'సవర' అన్నది జాతి పేరు. చాలామందికి అదే ఇంటిపేరైంది, ఇంగ్లీషులో దాన్ని మూడు నాలుగు రకాల అక్షరాలతో రాశారు. పుట్టిన తేదీ తెలియదంటే జనవరి 1 వేసేశారు. ఒక్క ఇంట్లో తల్లీ, తండ్రీ, ముగ్గురు పిల్లలూ అందరూ జనవరి 1నే పుట్టిన కుటుంబాలు ఎన్ని చూడలేదు మనం! పైగా 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. సీతంపేటవాడి పాత కార్డులో శ్రీకాకుళం జిల్లా, కురుపాంవాడి పాత కార్డులో విజయనగరం జిల్లా ఉన్నాయి. 1947లో మాట్లాడేవారు జిల్లా అడిగితే పిల్లవాడు ఏది చెప్పాలి?

ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అంటే ఒకటో తరగతిలో రిజిస్టరు మీద మాస్టారు తొందరలో గీకిన ఒక్క అక్షరం ఇరవయ్యేళ్ల తర్వాత ఆ పిల్లవాణ్ణి దుకాణం బల్ల దగ్గర నిలబెడుతుంది. వాళ్ల పేరు వాళ్ల నాన్న ఎలా పలుకుతాడో అడిగి రాసిన మాస్టార్లు ఉన్నారు. వారికి దండం. కానీ వాళ్లు తక్కువ.

ఇంకో మాట. "ఆధార్ తేకపోతే పేరు రాయను" అని ఇప్పటికీ అంటున్న బళ్లున్నాయి. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో బడిలో చేర్చుకోడానికి ఆధార్ తప్పనిసరి కాదని ఉంది. ఆధార్ లేదని ఏ పిల్లకీ పథకం ఆపకూడదని కూడా ఉంది. బెదిరించి పంపిస్తే తల్లి పిల్లను చంకనెత్తుకుని ఎక్కడికి పోతుంది? ఆ బల్ల దగ్గరికే. దేశంలో మొట్టమొదటి ఆధార్ నంబరు 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలో నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే ఆదివాసీ ఊళ్లో ఇచ్చారు. ఫోటోలు మాతో మొదలయ్యాయి, తిరుగుడు కూడా మాతోనే మొదలైంది.

ఇక అప్పు సంగతి.

"జీరో వడ్డీ" అన్న మాటను ముందు పగలగొట్టాలి. సున్నా వడ్డీ అనేదే లేదని, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో వడ్డీని దాస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబర్ 17నే బ్యాంకులకు చెప్పింది. లెక్క మనమే వేద్దాం. ఒక ఫోను నగదుకైతే 14,000 రూపాయలకు ఇస్తారనుకోండి. వాయిదాలకైతే 15,000, ఆరు వాయిదాలు, ఒక్కొక్కటి 2,500. మొదటి వాయిదా అప్పుడే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు 500 కూడా అప్పుడే. అంటే చేతి నుంచి 3,000 పోయింది. మనకు నిజంగా దొరికిన అప్పు 11,000. దానికి అయిదు నెలల్లో 12,500 కడతాం. తగ్గుతూ పోయే అసలు మీద లెక్క కడితే నూటికి నెలకు నాలుగు రూపాయల నలభై పైసల వడ్డీ! మన ఊళ్లో షావుకారు నాలుగు రూపాయల వడ్డీ అంటే అతని తాతను కూడా తిట్టి వస్తాం. ఏసీ దుకాణంలో సున్నా అని రాసి అదే తీసుకుంటే చేతులు కలిపి ఫోటో దిగి వస్తున్నాం. ఒక్క వాయిదా తప్పిందా, జరిమానా వేరు, ఖాతాలో డబ్బు లేదని బ్యాంకు కోసేది వేరు.

మన తాతలకు షావుకారి అప్పంటే ఏమిటో తెలుసు. శ్రీకాకుళం కొండల్లో అప్పు కిందే భూములు పోయాయి, పంటలు కళ్లంలోనే పోయాయి. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న తుపాకీ గుళ్లకు ఒరిగిపోయిన పోరాటానికి ఆ అప్పు పుస్తకాలే వేరు. షెడ్యూల్డు ప్రాంతాల్లో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని 1960లో రెగ్యులేషన్ ఉన్నా కాగితం మీదే ఉండిపోయింది. రక్తం పారాక, 1970లో రుణ విముక్తి రెగ్యులేషన్ వచ్చింది.

ఆ రక్షణ ఇప్పుడు ఎక్కడిదాకా వస్తుంది? చీపురుపల్లి షెడ్యూల్డు ప్రాంతం కాదు. కొండ దిగి బస్సెక్కితే ఆ చట్టం మనతో బస్సెక్కదు. పోనీ, రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలైనా పట్టుకుంటాయా అంటే, కేరళ, గుజరాత్ చట్టాల కేసులో 2022 మే 10న సుప్రీంకోర్టు తేల్చేసింది: రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు అవి వర్తించవు. అందుకే దుకాణంలో బల్ల వెనక కూర్చున్న కంపెనీ మనిషిని అడ్డుకోవాలంటే రిజర్వ్ బ్యాంకు నియమాలే పట్టుకోవాలి. అవి కొండ మీదకీ వస్తాయి, కిందకీ వస్తాయి. మనకు వాటి గురించి ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పుకుందాం. అప్పు కాగితాలు అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులకు ముందుగా ఒక వివరాల పత్రం ఇవ్వాలి. ఫీజులన్నీ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో ఒక్క అంకెగా రాసి ఉండాలి. అడగనిదే క్రెడిట్ కార్డు ఇవ్వకూడదు. ఇచ్చి బిల్లు వేస్తే ఆ బిల్లు రద్దు చేసి, దానికి రెట్టింపు జరిమానా కార్డు ఇచ్చినవాడే మనకు కట్టాలి. వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు. ఈ నియమాలు ఉత్తవి కావు. ఆ వివరాల పత్రం సరిగ్గా ఇవ్వడం లేదన్నందుకు దేశంలో పెద్ద ఫైనాన్స్ కంపెనీల్లో ఒకటైన బజాజ్ ఫైనాన్స్‌కు చెందిన రెండు రకాల వాయిదా అప్పులను 2023 నవంబర్ 15న రిజర్వ్ బ్యాంకు ఆపేసింది. 2024 మేలో గానీ వదల్లేదు. అంత పెద్ద కంపెనీని ఆపిన కాగితాన్ని మనం దుకాణంలో అడగడానికి సిగ్గుపడుతున్నాం!

మనలోనే కొందరు అంటారు: "ఇన్నాళ్లూ గిరిజనులకు ఎవడూ అప్పివ్వలేదు. ఇప్పుడు నమ్మి ఇస్తుంటే వద్దంటారేటి? మా పిల్లలకు ఫోను వద్దా?" ఫోను కావాలి. స్కాలర్‌షిప్‌కి, పరీక్ష ఫీజుకి, అన్నింటికీ కావాలి. నేను అప్పు వద్దనడం లేదు. అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు వడ్డీ ఎంతో అడిగి, దుకాణం వడ్డీతో పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను. ఇక నమ్మకం అంటారా, దుకాణంవాడు నమ్మింది మనల్ని కాదు. మన వేలిముద్రకు కట్టిన బ్యాంకు ఖాతాను నమ్మాడు. కూలి పడిన రోజే వాయిదా కోసుకుపోతాడు, ఇంట్లో బియ్యం ఉన్నాయా లేదా చూడడు.

మరికొందరు పెద్దలు, "మా వాళ్లు అమాయకులు, చదువు లేదు" అంటూ జాలి పడతారు. ఈ జాలి నాకు అసలు గిట్టదు. డిగ్రీ చదివిన పట్నం పిల్లలూ ఇదే వలలో పడుతున్నారు. ఓటీపీ చెప్పడానికి అరనిమిషం, కాగితం చదవడానికి అరగంట పట్టేలా ఆ బల్లను కట్టారు. అమాయకత్వానికి దానితో పని లేదు.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆధార్ పని చేయించుకోడానికి అప్పులమ్మే బల్ల దగ్గరికి వెళ్లొద్దు. పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో, సచివాలయంలోనో ఆధార్ సేవ ఉందేమో కనుక్కోండి. వేరే దారి లేక వెళ్తే ఫోను మీ చేతిలోనే ఉంచుకోండి, ఓటీపీ మీరే కొట్టండి. ఆ మెసేజీలో అది దేనికొచ్చిందో రాసి ఉంటుంది, చదవండి. కాపీ ఇవ్వాల్సొస్తే చివరి నాలుగు అంకెలే కనబడే ఆధార్ ఇవ్వండి. పని లేనప్పుడు వేలిముద్రకు తాళం వేసుకునే వీలు ఆధార్ వెబ్‌సైట్‌లోనే ఉంది. మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో సంచార్ సాథీలో చూసుకోండి. మీ పేరు మీద ఎన్ని అప్పులున్నాయో తెలిపే రిపోర్టు సిబిల్ లాంటి నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలి. అందులో మీరు తీసుకోని అప్పు కనబడితే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు మీకే కట్టాలి. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి చేయండి.

మాస్టార్లకు ఒక పని. తొమ్మిది, పది తరగతుల్లో ఒక పీరియడు ఈ వడ్డీ లెక్క చేయించండి, పుస్తకంలో ఉన్న బారువడ్డీ లెక్కకు బదులు ఫోను లెక్క. ప్రతి పిల్ల చేతా ఆధార్‌లో తన పేరు ఏ అక్షరాలతో ఉందో, ఏ జిల్లా ఉందో, ఏ ఫోను జోడించి ఉందో ఇంట్లో ఉంచుకునే కాగితం మీద రాయించండి. 15 ఏళ్లు నిండినవారి వేలిముద్రలు మళ్లీ ఇప్పించాలి, మరచిపోవద్దు. ఇప్పటికే అప్పులో చిక్కుకున్న పాత విద్యార్థి వస్తే ఉత్తరం రాయించండి. ముందు కంపెనీకి: "నాకు ఇచ్చిన అప్పు వివరాల పత్రం తెలుగులో పంపండి. నేను అడగని బీమా, కార్డు రద్దు చేసి డబ్బు తిరిగి వేయండి." 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఎలా రాయాలో 14448కి చేస్తే చెబుతారు. కంపెనీకి రాసిన ఉత్తరం నకలు, పోస్టాఫీసు రసీదు దాచమనండి. అవి లేకపోతే రెండో ఉత్తరం ముందుకు పోదు.