తెర వెలిగితే సరిపోతుందా?

ప్రభుత్వాసుపత్రిలో స్కానింగ్ యంత్రం ఆగిపోతే అది వార్త అవుతుంది. గదికి తాళం, వరండాలో గర్భిణుల ఎదురుచూపులు, బయటి కేంద్రాల్లో వదిలే చేతి చమురు... జిల్లా పేజీల్లో తరచూ చదివే కథనమే. ఆగిన యంత్రం కనీసం అందరి కంటా పడుతుంది. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, ఆలస్యంగానైనా ఇంజినీరు వస్తాడు. ఆగకుండానే చూపు మందగించిన యంత్రం సంగతి అలా కాదు. తెర వెలుగుతుంది, బొమ్మ వస్తుంది, రిపోర్టు మీద సంతకమూ పడుతుంది. కనిపించాల్సింది కనిపించలేదన్న సంగతి మాత్రం డాక్టరుకీ తెలియదు, తల్లికీ తెలియదు. అల్ట్రాసౌండ్ యంత్రాల నిర్వహణలో మనం లెక్కకట్టని నష్టం ఇదే.

ఇది ఊహ కాదు. స్వీడన్‌లోని 32 ఆసుపత్రుల్లో రోజువారీ వాడకంలో ఉన్న 676 ప్రోబులను (స్కానింగ్‌లో శరీరానికి ఆనించే భాగాలను) అక్కడి పరిశోధకులు పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 39.8 శాతం లోపాలున్నవే. పాడైపోయాయని మూలన పెట్టినవి కావవి, రోగుల మీద వాడుతున్నవి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన లోపం ప్రోబు ముఖంలోని పొరలు విడిపోవడం, ఆ తర్వాతది కేబుల్‌లో తీగలు తెగడం. డబ్బుకూ సాంకేతిక సిబ్బందికీ కొరత లేని దేశంలో పరిస్థితి అది.

ప్రోబు ముఖం వెనుక సన్నని స్ఫటికాల వరుస ఉంటుంది. చాలావాటిలో 128 లేదా 192 ఉంటాయి. ఒక్కొక్కటీ శబ్ద తరంగాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని అందుకుంటుంది. వాటిలో నాలుగైదు చచ్చిపోయినా మిగిలినవి బొమ్మను నడిపించేస్తాయి, ఖాళీలను సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది. కాలేయమో, నిండిన మూత్రాశయమో చూసేటప్పుడు తేడా పెద్దగా తెలియదు. గర్భం 18 నుంచి 22 వారాల మధ్య ఉన్నప్పుడు బిడ్డ అవయవాల్లో లోపాలు కనిపెట్టేందుకు చేసే టిఫా స్కానింగ్‌లో బిడ్డ గుండె గదుల మధ్య గోడను వెతికేటప్పుడు, మిల్లీమీటర్లలో ఉండే అంచును పట్టుకోవాల్సినప్పుడు ఆ లోపం కీలకమవుతుంది. రక్తప్రవాహ వేగాన్ని చెప్పే డాప్లర్ కొలతలూ తప్పే ప్రమాదం ఉంది.

ఇంత సున్నితమైన ప్రోబును మనం వాడుతున్న తీరు వేరు. సాయంత్రం ఓపీ ముగిశాక జెల్ తుడవకుండా వదిలేస్తే రాత్రికి ఎండి అట్టకడుతుంది. మర్నాడు దాన్ని స్పిరిట్ దూదితో రుద్దుతారు. ముఖం మీదున్న మెత్తని రబ్బరు లాంటి పొరకు స్పిరిట్ పడదు. అది బిరుసెక్కి, పగిలి, చివరికి పొరలు విడిపోతాయి. కేబుల్ నేల మీద వేలాడుతుంది, దాని మీంచి ట్రాలీ చక్రం ఎక్కుతుంది. యంత్రం వెనకో అడుగునో ఉండే దుమ్ము జల్లెడను తీసి దులిపేవారుండరు. గాలి ఆడక లోపల వేడి పెరిగి, ఎండాకాలంలో పవర్ సప్లై బోర్డు మాడిపోతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది కాబట్టి కరెంటు పోయినప్పుడల్లా యంత్రం ఒక్కసారిగా ఆరిపోయి, హార్డ్‌డిస్క్‌లోని ప్రోగ్రామ్ చెడిపోతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే తెర మీద గీతలు, చుక్కలు మొదలవుతాయి.

వీటిలో చాలావాటికి ఇంజినీరు అక్కర్లేదు. మెత్తటి గుడ్డ, తయారీదారు చెప్పిన శుభ్రపరిచే ద్రవం, కేబుల్‌ను చుట్టి తగిలించే కొక్కెం, వారానికోసారి జల్లెడ దులిపే మనిషి చాలు. ఆ మనిషి ఎవరన్నదే తేలదు. డాక్టరు అది ఇంజినీరు పని అనుకుంటారు. ఇంజినీరు ఒప్పందం ప్రకారం మూడు, నాలుగు నెలలకోసారి వచ్చి, చూసి, సంతకం తీసుకుని వెళతాడు. రోజూ గదిలో ఉండే స్టాఫ్ నర్సుకో, అటెండరుకో ఎవరూ ఏమీ నేర్పరు. లక్షల రూపాయల పరికరానికి రోజువారీ కాపలాదారు లేకపోవడాన్ని సిబ్బంది నిర్లక్ష్యమంటే నేనొప్పుకోను. బాధ్యత అప్పగించని పాలన లోపమది.

చట్టాలైనా పట్టించుకుంటున్నాయా అంటే, చిత్రమైన పరిస్థితి. ఎక్స్‌రే, సీటీ యంత్రాలు అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలో ఉంటాయి కాబట్టి వాటికి నిర్ణీత కాలానికోసారి నాణ్యత పరీక్ష తప్పనిసరి. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు కాబట్టి ఆ మండలికి పనిలేదు. 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రతి యంత్రాన్నీ నమోదు చేయిస్తుంది, ప్రతి గర్భిణికీ ఫారం ‘ఎఫ్’ నింపిస్తుంది. యంత్రాన్ని మార్చాలంటే 30 రోజుల ముందే తెలియజేయాలి. ఆడపిల్లల ఉసురు తీసిన ఈ దేశంలో ఆ కట్టుదిట్టం అవసరం, అందులో ఒక్క అక్షరం సడలించమని ఎవరూ అడగకూడదు. అయితే తనిఖీ బృందం రిజిస్టర్లు, ఫారాలు, సీరియల్ నంబర్లు చూసి వెళుతుంది. బిడ్డ వెన్నెముకను ఆ యంత్రం స్పష్టంగా చూపగలదా లేదా అన్నది ఆ తనిఖీ పని కాదు. ఆ ప్రశ్న వేసే బాధ్యత మరే ప్రభుత్వ శాఖకూ అప్పగించలేదు.

ప్రభుత్వాలు అసలేమీ చేయలేదనడం అన్యాయం. జాతీయ ఆరోగ్య మిషన్ కింద దేశవ్యాప్తంగా 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలను లెక్కించినప్పుడు రాష్ట్రాన్నిబట్టి 13 నుంచి 34 శాతం పనిచేయడం లేదని తేలింది. దాని ఫలితమే 2015లో వచ్చిన బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమం. ఆ బాట ముందుగా పట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జిల్లా ఆసుపత్రిలో 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80 శాతం సమయం పరికరాలు నడుస్తూ ఉండాలన్నది లక్ష్యం. మూలనపడ్డ పరికరాలను కదిలించడానికి అది మంచి కొలమానమే. అల్ట్రాసౌండ్‌కు మాత్రం చాలదు. పాతిక స్ఫటికాలు చచ్చిన ప్రోబు కూడా ఆ లెక్కలో నూటికి నూరు శాతం ‘నడుస్తున్నట్టే’.

ఒప్పందాల్లోని మెలిక మరొకటి. విడిభాగాల ఖర్చు కలవని వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ)లో వచ్చేది ఇంజినీరు శ్రమ మాత్రమే. విడిభాగాలూ కలిసిన సమగ్ర నిర్వహణ ఒప్పందం (సీఎంసీ)లో కూడా ప్రోబును మినహాయించడమో, ‘కింద పడేస్తే మాకు సంబంధం లేదు’ అని షరతు పెట్టడమో మామూలే. యంత్రంలో ముందుగా అరిగేదీ, మార్చాలంటే లక్షలు కావలసిందీ ఆ ప్రోబే. దాన్ని వదిలేసిన ఒప్పందంతో ఆసుపత్రికి ఒరిగేది తక్కువ. కొన్న ధరలో ఏటా 5 నుంచి 10 శాతం మధ్య నిర్వహణ ఖర్చు సహజమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన కొలత. తెలంగాణ 2022 నవంబరులో 44 ప్రభుత్వాసుపత్రుల్లో దాదాపు రూ.20 కోట్లతో 56 టిఫా యంత్రాలను ఒకేసారి ప్రారంభించింది. పేద తల్లులకు అది నిజమైన మేలు. ఆ కొలత ప్రకారం వాటికి ఏడాదికి కోటి నుంచి రెండు కోట్లు నిర్వహణకే కావాలి. కొనుగోలు నాడు శిలాఫలకం ఉంటుంది, కెమెరాలుంటాయి. వారంటీ ముగిసిన మర్నాటికి బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలి.

మరమ్మతు చేసే హక్కు గురించీ మాట్లాడాలి. సర్వీస్ పాస్‌వర్డ్ కంపెనీ చేతిలో ఉన్నంతకాలం ఆసుపత్రి సొంత బయోమెడికల్ ఇంజినీరుకు యంత్రం లోపలి లోపాల చిట్టా కూడా తెరుచుకోదు. 2022లో కేంద్రం మరమ్మతు హక్కుపై కమిటీ వేసి వ్యవసాయ పనిముట్లు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను ఎంచుకుంది. వైద్య పరికరాలు ఆ జాబితాలో లేవు. పాడేరు కొండల్లో యంత్రం ఆగితే గర్భిణి వంద కిలోమీటర్లు దాటి విశాఖ చేరాలి. అదే విశాఖలో వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ ఉంది, పరీక్షించే ప్రయోగశాలలున్నాయి. మన్యం ఆసుపత్రుల ప్రోబులను ఏడాదికోసారి అక్కడ పరీక్షించే ఏర్పాటు రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే కష్టమేమీ కాదు.

అంతవరకూ ఆగనక్కర్లేని పరీక్ష ఒకటుంది. ప్రోబును శుభ్రంగా తుడిచి, జెల్ రాయకుండా గాలిలో పట్టుకుంటే తెర పైభాగంలో ఒకదాని కింద ఒకటిగా మెరిసే పట్టీలు కనిపిస్తాయి. అవి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి. మధ్యలో నిలువు నల్లచార పడితే అక్కడ స్ఫటికాలు చచ్చినట్టు అనుమానించాలి. ఐదు నిమిషాల పని, ఖర్చు సున్నా. కొత్త యంత్రం వచ్చిన రోజే ప్రతి ప్రోబుకూ ఈ బొమ్మ తీసి రిజిస్టర్‌లో అంటించాలి, ప్రతి నెలా మొదటి సోమవారం మళ్లీ తీసి పక్కన అంటించాలి, కింద చేసినవారి పేరు ఉండాలి. రెండు బొమ్మలకూ తేడా వచ్చిన రోజున ఆ ప్రోబును గర్భిణుల గదిలోంచి తీసేసే అధికారం సూపరింటెండెంట్‌కు, కొత్తది పంపే బాధ్యత సీఎంసీ తీసుకున్న సంస్థకు ఉండేలా తర్వాతి టెండరులోనే రాయాలి.