వేసవి పరిశోధనలో పల్లె విద్యార్థికీ చోటు కావాలి

డిగ్రీ చదివే పల్లె విద్యార్థికి వేసవి సెలవులంటే మామిడి తోట కాపలా, లేకుంటే పట్నంలో చిన్నాచితకా పని. అమెరికాలో 2009లో ఏర్పడిన ఆటిజం సైన్స్ ఫౌండేషన్ ఇదే వయసు వారికి వేసవి ఫెలోషిప్‌లిచ్చి, శాస్త్రవేత్తల వద్ద ఆటిజంపై పరిశోధన చేయిస్తోంది. డిగ్రీ పూర్తికాని కుర్రవారికి ఇంత పెద్ద పని ఏమిటని కొందరు అనుకోవచ్చు. ఆటిజం సంగతి తెలిస్తే ఆ సందేహం ఉండదు.

ఆటిజం అంటువ్యాధి కాదు, పిచ్చీ కాదు. మెదడు ఎదుగుదలలో చిన్ననాటి నుంచే ఉండే తేడా. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసిన వస్తువును వేలితో చూపించకపోవడం, మాటలు ఆలస్యం కావడం, చేసిన పనినే పదే పదే చేయడం వంటివి దీని గుర్తులు. 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ 11 మంది పిల్లలను గమనించి దీనిని వర్ణించారు. తరువాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని కొందరు వైద్యులే నింద మోపారు. ఆ నింద తప్పని తేల్చింది పరిశోధనే. ఒక టీకాకు దీనితో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని, అచ్చువేసిన పత్రికే 2010లో రద్దు చేసింది.

రక్త పరీక్షతోనో, ఎక్స్‌రేతోనో ఆటిజాన్ని నిర్ధారించలేరు. బిడ్డ ఆటను, చూపును, మాటను ఓపికగా గమనించాలి. తల్లిదండ్రులను విచారించాలి. సికింద్రాబాద్‌లో 1984లో స్థాపించిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన భారతీయ కొలమానంలో 40 అంశాలున్నాయి. మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేనట్టు. ఇటువంటి పనిలో బిడ్డ ఇంటి భాష, ఊరి ఆటలు తెలిసినవారు కావాలి. శిక్షణ ఇస్తే పల్లె విద్యార్థి అక్కరకు వచ్చేది ఇక్కడే.

మన ఊళ్లలో బిడ్డకు మాటలు రాకపోతే మేనమామ పోలికని సరిపెట్టుకోవడం, గాలి సోకిందని తాయెత్తు కట్టించడం ఇంకా పోలేదు. ఈలోగా విలువైన ఏళ్లు గడిచిపోతాయి. ఎంత చిన్న వయసులో శిక్షణ మొదలైతే బిడ్డకు అంత మేలు. 2016 నాటి చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షించి, అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపాలి. కాగితం మీద ఉన్న ఈ సదుపాయం గడప దాకా రావాలంటే ఊళ్లో తెలిసినవారు ఉండాలి.

దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలసి విద్యార్థులకు ఏటా రెండు నెలల వేసవి ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. ఈ కబురు పల్లె విద్యార్థికి చేరాలి. ప్రిన్సిపాళ్లు ప్రకటనను తెలుగులో నోటీసు బోర్డుపై పెట్టించి, దరఖాస్తు నింపడంలో సాయపడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చినప్పుడు మొదటి ఏడాది తరువాత సమాజ సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేశారు. మొక్కుబడి నివేదికలతో దానిని ముగించే బదులు, జిల్లా వైద్యాధికారులు కొందరు విద్యార్థులకు తర్ఫీదునిచ్చి ఈ పనిలో పెట్టవచ్చు.

అయితే ఒక హెచ్చరిక. విద్యార్థి డాక్టరు కాడు. బిడ్డకు ఆటిజం ఉందని తేల్చే అధికారం అతనికి లేదు. తల్లిదండ్రుల అనుమతి లేనిదే పేరు రాసుకోరాదు, ఫోటో తీయరాదు. వివరాలు రాసుకుని వెళ్లిపోవడంతో పని తీరదు. ఏం తెలిసిందో ఆ ఇంటికి తిరిగి వచ్చి చెప్పాలి, ఆసుపత్రికి దారి చూపాలి.

వచ్చే వేసవి నాటికైనా కళాశాలలు, ఆరోగ్య శాఖ ఒకచోట కూర్చుని ఈ ఏర్పాటు చేయాలి. చదువుకున్న కుర్రవాడో, అమ్మాయో ఊళ్లో ఒక్క తల్లి మీది నిందను తొలగించగలిగినా ఆ సెలవులు సద్వినియోగమైనట్లే.