కొలిమికీ పరీక్షే!

పిల్లలూ, ఎర్రగా కాలిన కత్తిని కమ్మరి నీళ్ళలో ముంచగానే 'చుంయ్' మంటుంది, విన్నారా? ఉక్కు గట్టిపడింది, కాని గాజులాగా పెళుసైపోయింది! అందుకే దానిని మళ్ళీ సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో గంటో, రెండు గంటలో కాచాలి. అప్పుడు పెళుసుతనం తగ్గుతుంది, పదును నిలుస్తుంది.

ఈ పనికి నేడు కరెంటు కొలిమి కూడా వాడుతున్నారు. అందులో వేడిని కొలిచేది రెండు వేరువేరు లోహపు తీగెల జత. అది ఏళ్ళ తరబడి కాలి కాలి తప్పు అంకె చూపవచ్చు. ఆ అంకెను నమ్మితే కత్తి మెత్తబడుతుంది. లేదా పుటుక్కున విరిగి కంటికే ముప్పు తెస్తుంది. అందుకే మంచి పనివాడు దానిని మరొక సాధనంతో అప్పుడప్పుడు సరిచూస్తాడు. పాడైతే మారుస్తాడు, అదీ కరెంటు ఆపి, కొలిమి చల్లారిన తరువాతనే.

మరి మీరు, లెక్క చేశాక సరిచూచుకుంటున్నారా?